తగ్గించిన అద్దె

మొన్న నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె ఫోన్ చేసింది. హైదరాబాదులో ఒక ప్రైవేటు బళ్ళో లెక్కల టీచరుగా చేరింది. జీతంలో సగం అద్దెకే పోతోందట. ఇంటి ఓనరు మర్యాదస్తుడేనట. సాయంత్రం గంటసేపు తన పిల్లలిద్దరికీ చదువు చెబితే అద్దె బాగా తగ్గిస్తానన్నాడట. "ఒప్పుకోమంటారా టీచర్?" అని అడిగింది.

ఆ పిల్లలు ఏ బళ్ళో చదువుతున్నారని అడిగాను. తను పనిచేసే బళ్ళోనే అంది.

ఫోన్‌లో చెప్పడం నా వల్ల కాలేదు. రాసి పంపుతానన్నాను. రెండు రోజులు ఇంట్లో అటూ ఇటూ తిరిగి, మూడో రోజు కూర్చున్నాను. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఇంకెవరైనా చదువుకున్నా మంచిదే. నా ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, సర్వీసు రిజిస్టరు గొడవలు ఇందులో ఉండవు. టీచరు ఉద్యోగం గురించి ఎవరు రాసినా తరగతి గది గురించే రాస్తారు. నేను మాత్రం అద్దె ఇళ్ళ గురించి రాస్తాను. నా చేత మంచి పనులూ చెడ్డ పనులూ ఎక్కువగా చేయించినవి అవే.

ఆషాఢంలో బదిలీ

మాది రాజోలు దగ్గర లంక గ్రామం. మా అమ్మ ఊడ్పులకీ కోతలకీ వెళ్ళి నన్ను చదివించింది. మా వీధిలో టీచర్ ట్రైనింగు చేసిన మొదటి ఆడపిల్లని నేనే. అమలాపురంలో ఒక హైస్కూలుకి లెక్కల టీచరుగా ఆర్డరు వచ్చినప్పుడు చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేశారు. ఇల్లు దొరకాలని కూడా ప్రార్థించమని చెప్పాల్సింది, నాకు తోచలేదు.

మా ఉద్యోగంలో బదిలీలు బళ్ళు తెరిచాక జూన్, జూలైల్లో వచ్చేవి. ఇంటివాళ్ళకి ఆషాఢం కూడా అప్పుడే వచ్చేది. శూన్యమాసంలో ఎవరూ ఇల్లు మారరు, ఎవరినీ దిగనివ్వరు. కొత్త టీచర్లు శ్రావణం వచ్చేదాకా ఏ చుట్టాలింట్లోనో, బళ్ళో మ్యాపులు పెట్టుకునే గదిలోనో గడపాలి. మా పైఆఫీసులో ఎవరూ పంచాంగం చూసేవారు కాదు. పైగా టీచరు పనిచేసే ఊళ్ళోనే కాపురం ఉండాలని రూలు. అద్దె భత్యం అని ఒకటిచ్చేవారు. దాంతో వంటగది వరకు వస్తుంది, పడగ్గది మనం చూసుకోవాలి.

శ్రావణం వచ్చాక అసలు కథ మొదలయ్యేది. మా గోదావరి వాళ్ళు మర్యాదస్తులు. కాదు అన్న మాట నోటితో అనరు. ముందు మంచినీళ్ళిస్తారు, తర్వాత "ఏ ఊరండి?" అంటారు, ఆ తర్వాత "ఇంటిపేరేవిటండి?" అంటారు. ఇంటిపేరుతో తేలకపోతే "ఆదివారం పూట గుడికా అండి, చర్చికా?" అంటారు. నేను చెప్పగానే, "ఆయ్, ఇల్లు నిన్ననే మా బావగారికి మాటిచ్చేసేవండి, ఏమనుకోకండి" అనేవారు. ఆ నెలలో అమలాపురంలో ఎంతమంది బావగార్లు ఇళ్ళు మారారో లెక్క తేలదు. ఒక ఇంటావిడ ఇల్లు ఇస్తానంది గానీ, "నుయ్యి మాత్రం మీరు ముట్టకండమ్మా, మా పనిమనిషి తోడి పోస్తుంది" అంది. నేను తలూపబోయాను. పక్కనున్న మా అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నోళ్ళెవరో అద్దెకి తిరిగినోళ్ళు కాదే" అంది దారిలో.

అప్పటికే నాకు పెళ్ళయింది. మా ఆయన రామచంద్రపురంలో పోస్టాఫీసు గుమాస్తా. శనివారం సాయంత్రం కోటిపల్లి రేవు దాటి వచ్చి, సోమవారం తొలి పడవకి వెళ్ళిపోయేవారు. కాబట్టి ఇల్లు వెతకడం, సామాను మోయించడం, ఇంటివాళ్ళతో మాట పడటం అన్నీ అమ్మా నేనే.

వీర్రాజు గారి గిలక

వీర్రాజు గారు కొబ్బరికాయల వ్యాపారి. కాలవ గట్టుకి దగ్గర్లో పెద్ద పెంకుటిల్లు, వెనక కాయల రాశులు, ఒక పక్క రెండు గదుల వాటా. నేను వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని లెక్కలు చూసుకుంటున్నారు. నేను ఊరు, పేరు, చర్చి అన్నీ ముందే చెప్పేశాను. విసిగిపోయి ఉన్నాను.

ఆయన అవేవీ విన్నట్టు లేదు. "లెక్కలేనాండి మీరు చెప్పేది?"

"ఆయ్."

"అయితే రేపే దిగిపోండి. మా పిల్ల తొమ్మిదో తరగతండి, మీ బడే. లెక్కలంటే దానికి వణుకు. సాయంత్రం కాస్త కూర్చోబెట్టండి. అద్దె సగం ఇవ్వండి చాలు."

మర్నాడు దిగాం. ఆ సాయంత్రం మా అమ్మ బిందె తీసుకుని నూతి దగ్గరికి వెళ్ళి, కాసేపు ఊరికే నిలబడింది. వీర్రాజు గారి భార్య వంటింట్లోంచి, "చేద అక్కడే ఉంది పిన్నిగారూ, తోడుకోండి" అంది. గిలక తిరిగిన చప్పుడు వినిపించింది. నేను వంటగదిలో పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. సంతోషమే అది, కాదనను. ఆ ఇల్లు నా చేత ఏం చేయించిందో ఇప్పుడు చెప్పబోతున్నాను గనక, ఆ ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళు కారని ముందే చెప్పాలి. చెడ్డవాళ్ళ ఇల్లయితే నేను ఆ పని చేసి ఉండేదాన్ని కాదు.

పిల్ల పేరు పద్మ. చురుకైనదే. తెలుగు, సోషలు బాగా చదివేది. బళ్ళో నా సుద్దముక్కల డబ్బా ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. పెద్దయ్యాక టీచరవుతానని అందరితో చెప్పేది. వీర్రాజు గారు ఒక రోజు అరుగు మీద దాని ముందే నాతో అన్నారు: "పదో తరగతి ఒక్కసారికి పాసైతే కాలేజీలో వేస్తానండి. ట్రైనింగుకీ పంపిస్తాను. తప్పిందంటే మాత్రం సంబంధం చూసేత్తాను. రెండోసారి పరీక్ష కట్టించడాలు మా ఇంట్లో లేవు."

పద్మ నా వంక చూసి నవ్వింది. టీచరే ఇంట్లో ఉండగా తనకేం భయం అన్నట్టుంది ఆ నవ్వు.

దానికి ఒక జబ్బుండేది. భిన్నాలు కూడమంటే పైవీ పైవీ కలిపేది, కిందవీ కిందవీ కలిపేది. అర, మూడోవంతు కలిస్తే రెండు బై ఐదు అని రాసేది. పదిసార్లు చెప్పాను. నా ముందు సరిగ్గా చేసేది, పరీక్షలో మళ్ళీ అదే. నిజానికి దానికి ఐదో తరగతి నుంచి మొదలుపెట్టాలి. నేను తొమ్మిదో తరగతి సిలబస్ చెబుతున్నాను.

మొదటి పరీక్షలో యాభైకి పధ్నాలుగు వేశాను. ఆ సాయంత్రం వీర్రాజు గారు అరుగు మీంచే అన్నారు. గొంతు పెంచలేదు. "రోజూ మీరే చెబుతున్నారు. మళ్ళీ మీరే పధ్నాలుగు వేసేరు. ఇదేవిటో నాకర్థం కాలేదండి." నాలుగు రోజుల తర్వాత మాటల్లో మాటగా, మేనల్లుడు కాలేజీలో చేరతానంటున్నాడనీ, వాడికి ఒక గది చూడాలనీ అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు.

అప్పుడే మా అమ్మ కాలవ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. మంచం మీద ఉన్న మనిషిని పెట్టుకుని మళ్ళీ ఇళ్ళ చుట్టూ తిరగడం, మళ్ళీ బావగార్ల కబుర్లు వినడం తలుచుకుంటే నాకు నిద్ర పట్టలేదు. అర్ధసంవత్సరం పరీక్షలో పద్మకి ఇరవై ఏడు వేశాను. జవాబు తప్పైనా పద్ధతి తెలుసు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. పద్ధతే దానికి తెలియదు. ఆ సాయంత్రం వాళ్ళింట్లోంచి కొబ్బరి బూరెలు వచ్చాయి. మేనల్లుడి మాట మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

మొహమాటానికి పోతే ఏమవుతుందో మా అమ్మ దగ్గర ఒక సామెత ఉంది. బళ్ళో పనిచేసినదాన్ని గనక ఇక్కడ రాయను. మీకు తెలిసే ఉంటుంది.

సగం కొబ్బరికాయ

అప్పటి మా హెడ్‌మాస్టరు గారు సోషలు చెప్పేవారు. కోపిష్టి అని పేరు. కాలవ పక్కన సైకిలు షాపు వెనక ఒక రేకుల గదిలో ఒంటరిగా ఉండేవారు. వర్షమొస్తే పుస్తకాలు మంచం మీదికి ఎక్కించి, తను స్టూలు మీద కూర్చునేవారట. మేమందరం ఆయన్ని పిసినారి అనుకునేవాళ్ళం.

పద్మ పదో తరగతికి వచ్చింది. పబ్లిక్ పరీక్షకి ముందు బళ్ళో పెట్టే పరీక్షలో దానికి వందకి యాభై రెండు వేశాను. హెడ్‌మాస్టరు గారు కట్టలోంచి ఆ పేపరు ఒక్కటే తీసి నన్ను పిలిపించారు.

"కూర్చోండమ్మా. నాకు లెక్కలు రావు, ఒక అనుమానం తీర్చండి. సగం కొబ్బరికాయకి ఇంకో మూడోవంతు ముక్క కలిపితే, సగం కన్నా తగ్గిపోతుందాండి?"

పేపరు మీద రెండు బై ఐదు అని ఉంది. పక్కన నా ఎర్ర టిక్కు ఉంది.

"మీరు వాళ్ళింట్లోనే ఉంటున్నారు కదూ?"

"ఆయ్."

ఆయన పేపరు మడిచి నా చేతికిచ్చారు. "నేనూ ఉన్నాను, వేరే ఊళ్ళో, ఇలాంటి ఇంట్లోనే. తర్వాత ఆ రేకుల గది చూసుకున్నాను. దానికి నిండా అద్దె ఇస్తున్నాను. సరే, మార్కులు వేసేసేరు, పోనివ్వండి. పరీక్షకి ఇంకా రెండు నెలలుంది. ఆ పిల్లకి నిజం చెప్పండి. గట్టిగా కూర్చుంటే పాసవుతుంది."

"చెప్తానండి" అన్నాను.

చెప్పలేదు.

దొంగ మార్కుల కన్నా నేను చేసిన పెద్ద తప్పు ఇదే. మార్కులు వేసినప్పుడు భయపడ్డాను, సరే. కానీ ఈ రెండు నెలల్లో రోజూ సాయంత్రం ఆ పిల్ల నా ఎదురుగా కూర్చునేది. చెబుదామని నోరు తెరిచేదాన్ని. అరుగు మీద వీర్రాజు గారు ఎవరితోనో "లెక్కల్లో యాభై రెండండి, టీచరు గారి చలవ" అంటూ ఉండేవారు. లేచి లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేదాన్ని. పద్మ లెక్కల పుస్తకం పక్కన పెట్టి, ఇంగ్లీషు తీసేది. లెక్కలు ఎలాగూ వచ్చేశాయి కదా అని దాని ధీమా.

రిజల్ట్సు పేపర్లో వచ్చిన రోజు వీర్రాజు గారు నంబరు రెండుసార్లు వెతికారు. లేదు. లెక్కల్లో పదిహేడు వచ్చాయని తర్వాత తెలిసింది. మిగతావన్నీ పాసే.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. వారం తర్వాత, "వాటా బాగుచేయించాలండి, తొందరేం లేదు, చూసుకోండి" అన్నారు. ఆయన మాట మర్యాదే, మా తొందర మాకు తెలుసు. నేను ట్రంకు పెట్టె సర్దుతుంటే పద్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మీకు ముందే తెలుసాండి?"

నేను చేతిలో చీర మడత పెడుతూనే ఉన్నాను. "తెలుసమ్మా."

"తప్పని అక్కడే కొట్టేసి ఉంటే నేర్చుకునేదాన్ని కదా టీచర్" అంది. ఏడవలేదు. సుద్దముక్కల డబ్బా దాని దగ్గరే ఉండిపోయింది, తెచ్చి ట్రంకు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ ఏడాది మాఘంలో దాని పెళ్ళయింది. శుభలేఖ మాకు రాలేదు.

మేకు కొట్టని గోడలు

ఆ తర్వాత కొత్తపేట, మళ్ళీ రాజోలు వైపు, తర్వాత ఇంకో పల్లె. తొమ్మిది ఇళ్ళు మారాం. ఏ ఇంట్లోనూ గోడకి మేకు కొట్టలేదు. క్యాలెండరు కిటికీ ఊచకి వేలాడేది. సగం సామాను తాళ్ళు విప్పకుండానే ఉండేది. ఏ ఇంటివాళ్ళు పిల్లల సంగతి ఎత్తినా, నేను లెక్కలు చెప్పనండి, కుట్లు నేర్పుతాను అనేదాన్ని. ఆ మాటకి కొన్ని ఇళ్ళు పోయాయి. ఒక ఊళ్ళో ఆరు నెలలు పశువుల కొట్టాన్ని కడిగి సున్నం వేసుకుని ఉన్నాం. మా ఆయన ఆదివారం వచ్చి గుమ్మంలో నిలబడి, "నీ పట్టుదలకి దూడ కూడా నవ్వుతోంది" అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. సరైన పని చేస్తున్నానన్న తృప్తి కూడా రాలేదు. ఎంత తిరిగినా ఆ గుమ్మంలో పిల్ల ఎదురుగానే ఉండేది. మా అమ్మ ఆ ఇళ్ళలో ఒక దాంట్లోనే పోయింది.

ఎనభైల మధ్యలో మళ్ళీ అమలాపురం బదిలీ అయింది, మళ్ళీ ఆషాఢంలోనే. ఊరు మారిపోయింది. మస్కట్ నుంచీ కువైట్ నుంచీ డబ్బొచ్చి, పెంకుటిళ్ళ మధ్య డాబాలు లేచాయి. అద్దెలూ వాటితోపాటే లేచాయి, మా భత్యం మాత్రం పెంకుటింట్లోనే ఉండిపోయింది. మునుపు చర్చికా గుడికా అని అడిగేవాళ్ళు ఇప్పుడు అడ్వాన్సు ఎన్ని నెలలిస్తారని అడుగుతున్నారు. మా బళ్ళో సగంమంది టీచర్లు పల్లెల నుంచి సైకిళ్ళ మీద వచ్చేవారు, ఊళ్ళోనే ఉంటున్నట్టు రాసేవారు. నేను వాళ్ళని తప్పు పట్టను.

మా అటెండరు సూర్యారావు ఒక కొత్త డాబా సంగతి చెప్పాడు. మూడు వాటాలు, ఒకటి ఖాళీగా ఉందండి, ఇంటాయన మస్కట్‌లో ఉంటాడు, అన్నీ ఆవిడే చూసుకుంటుంది అన్నాడు. వెళ్ళి తలుపు కొట్టాను. తీసింది పద్మ.

"రండి టీచర్, కూర్చోండి" అంది. కాఫీ తెచ్చింది. మా అమ్మ గురించి అడిగింది. పోయిందంటే కళ్ళు తుడుచుకుంది. ఇల్లు చూపించింది. గాలీ వెలుతురూ ఉన్న రెండు గదులు, పంపు, బడి నాలుగడుగుల్లో.

"ఆషాఢం కదమ్మా" అన్నాను.

"ఫర్లేదండి, రేపే దిగండి."

అద్దె ఎంతని అడిగాను. చెప్పింది. నా జీతంలో సగానికి కాస్త తక్కువ. నా మొహం చూసి ఉంటుంది. నాకు సిగ్గుగా ఉంది గానీ దాచను, చనువు కొద్దీ ఎంతో కొంత తగ్గిస్తుందని ఆశ పడ్డాను.

"ఒక్క రూపాయి తగ్గించనండి" అంది పద్మ. కోపంగా కాదు, నెమ్మదిగా. "మావాడు ఆరో తరగతి, మీ బడే. అద్దె తగ్గిస్తే మీరు మళ్ళీ మార్కులు వేసేస్తారు."

కాఫీ గ్లాసు కింద పెట్టి లేచాను. వీధి చివరి దాకా వెళ్ళాను. ఆ ఎండలో కాలవ వంతెన మీద అటూ ఇటూ తిరిగాను. ఆ మాట అనే హక్కు ప్రపంచంలో ఒక్క మనిషికే ఉంది, ఆ మనిషే అంది. వెనక్కి వెళ్ళి అడ్వాన్సు ఇచ్చాను.

టీచరు జీతంతో ఆ ఇల్లు భరించగలమా అంటే, లేదు. మా ఆయన వారం వారం రావడం మానేసి పదిహేను రోజులకోసారి వచ్చేవారు. ఇంట్లో పాలు సగం చేశాం. నా గాజులు రెండు వెళ్ళిపోయాయి. ఇది గొప్పగా చెప్పడం లేదు. టీచరుని ఇలా బతకమనడం అన్యాయం, ఆ అన్యాయం ఇప్పటికీ ఉంది. నువ్వు నాకు ఫోన్ చేయాల్సొచ్చిందే అందుకు. కానీ నెల మొదట్లో నిండా అద్దె పద్మ చేతికిచ్చి మెట్లు ఎక్కేటప్పుడు నాకు ఎవరికీ భయపడాల్సిన పని లేదనిపించేది.

మొదటి పరీక్షలో పద్మ కొడుక్కి యాభైకి పదకొండు వచ్చాయి. ఆ పేపరు దిద్దుతుంటే నా చెయ్యి ఆగింది. అర, మూడోవంతు కలిపి రెండు బై ఐదు అని రాశాడు. ఆ జబ్బు వాడికి ఎక్కడి నుంచి అంటుకుందో నాకు తెలుసు. ఇంట్లో వాడికి లెక్కలు చెప్పేది వాళ్ళమ్మే. కొట్టేసి, పదకొండు వేసి, సంతకం కోసం ఇంటికి పంపించాను.

సాయంత్రం నేను బియ్యం ఏరుకుంటుంటే పద్మ ఆ పేపరు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. నా ఎదురుగా చాప మీద కూర్చుంది.

"పదకొండేనాండి?"

"ఆయ్, పదకొండేనమ్మా."

చాలాసేపు ఆ ఎర్ర గీత వంకే చూసింది. ట్రంకు పెట్టె ఎక్కడుందో మనసులో అప్పుడే వెతుక్కుంటున్నాను. పద్మ పేపరు చాప మీద పరిచి, నా పక్కనున్న పెన్సిలు తీసుకుంది.

"ఇది తప్పని ఇవాళ బుర్రకెక్కిందండి నాకు" అంది. "వాడికి చెప్పొద్దు, వాడికి నేను చెప్పుకుంటాను. నాకు చెప్పండి."

బియ్యం చేట పక్కకి పెట్టాను. మా అమ్మ పోయాక మొదటిసారి నా కళ్ళు ఆగలేదు. వంటగదిలోంచి ఒక కొబ్బరి చిప్ప తెచ్చాను. సగం, మూడోవంతు ముక్కలు కొట్టి దాని ముందు పెట్టి ఐదో తరగతి నుంచి మొదలుపెట్టాను. దీపాలు పెట్టే వేళ దాకా కూర్చుంది. వెళ్ళబోతూ మెట్ల దగ్గర వెనక్కి తిరిగింది.

"అద్దె మాత్రం అంతేనండి."

"అంతేనమ్మా" అన్నాను.

మర్నాడు సూర్యారావుని అడిగి ఒక సుత్తి తెప్పించి, గోడకి మేకు కొట్టాను.